కర్నూలులో ఆదివారం లాయర్ సార్ ఉచిత సలహా: పోవచ్చా అని అడిగేవాళ్ల కోసం

కర్నూలులో కోర్టు విషయాలకు ఊరికే సలహా చెప్పే లాయర్ ఉన్నారంటే చాలామంది నమ్మరు. కేసులు లేనాయన అయ్యుంటాడులే అంటారు, లేకపోతే చివర్లో ఏదో ఒక ఖర్చు బయటికి తీస్తాడు చూడు అంటారు. మా పెద్దమ్మ పని మీద పోయి నేను కళ్లారా చూసింది రాస్తున్నా, అవసరం ఉండి కూడా మొహమాటంతోనో భయంతోనో ఆగిపోయినవాళ్లు చదువుతారని.

పాతబస్తీ వైపు ఒక చర్చి. ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్లకు పోయాక, పక్కనున్న సండే స్కూల్ హాల్లో ఈ పెద్దాయన కూర్చుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెడితే వచ్చినవాళ్లు అయిపోయేదాకా లేవరు. అందరూ లాయర్ సార్ అనే పిలుస్తారు, నేనూ అంతే రాస్తా, పేరు రాయొద్దని ఆయనే అడిగారు. ఫీజు లేదు. కానుకల పెట్టె కూడా ఆ టైములో హాల్లో ఉంచరు, లోపల పెట్టి తాళం వేస్తారు, డబ్బులు వేయాలేమో అని ఎవరూ ఇబ్బంది పడకూడదని. ఎవరైనా రావచ్చు. మేము పోయినరోజు బురఖా వేసుకున్న ఒకామె, అయ్యప్ప మాలలో ఉన్న ఒక అబ్బాయి, తెల్లచీరలో బైబిలు ఒళ్లో పెట్టుకున్న ఒక అవ్వ ఒకే బెంచీ మీద కూర్చోనున్నారు. మేమూ చర్చికి పోయేవాళ్లం కాదు. ఆ సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మా పెద్దమ్మది కల్లూరు. పెదనాన్న పోయిన తర్వాత ఉన్న ఒక్క ఇల్లు కొడుకు పేరుకు, అంటే మా అన్న పేరుకు రిజిస్టర్ చేసిచ్చింది, అప్పుడు లోను కావాలంటే ఇల్లు తన పేరున ఉండాలన్నాడని. తర్వాత కొన్నాళ్లకు ఆమె మంచం గదిలోంచి వరండాలోకి వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం పక్కింటివాళ్లు పెట్టే పరిస్థితి. ఇంతకుముందు ఒక వకీలు దగ్గరికి పోతే, సివిల్ కోర్టులో దావా వేసి దస్తావేజు రద్దు చేయించాలమ్మా, టైము పడుతుంది అని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన పేరు నాకెందుకు, కానీ ముసలామె పింఛను డబ్బుల్లోంచి పోయింది ఆ అడ్వాన్సు, అది మాత్రం నేను మర్చిపోను.

లాయర్ సార్ ముందు కూర్చున్నాక పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఆయన ఆపలేదు, తొందర పెట్టలేదు. కాసేపు ఆగి, "అమ్మా, కాగితం తెచ్చినావా?" అన్నారు. దస్తావేజు జెరాక్సు తీసి ఇచ్చాం. ఆయన దాన్ని చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ముందు సాక్షుల సంతకాలు, తర్వాత రిజిస్ట్రేషన్ తేదీ, స్టాంపు, ఆ తర్వాత మధ్య పేజీలు. పెన్సిలుతో ఒక్కో లైను కింద సన్నగా గీత గీస్తూ, పెదాలు కదుపుతూ. మూడో పేజీలో ఒకచోట పెన్సిలు ఆగింది. "నా జీవితకాలము నన్ను పోషించుచు" అని ఉంది అక్కడ. దస్తావేజు రాసిన ముసలాయన అలవాటు కొద్దీ రాసిన మాట అనుకుంటా, మా ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సార్ దాని చుట్టూ గుండ్రంగా గీసి, "ఇదిగోమ్మా, నీ ఇల్లు ఈ లైనులో ఉంది" అన్నారు.

అప్పుడు చెప్పిన విషయం ఇది, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తా. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పోషించుకోలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రులు, 60 ఏళ్లు దాటినవాళ్లు పిల్లల నుంచి పోషణ కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. పోవాల్సింది కోర్టుకు కాదు, ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ ఆఫీసర్) దగ్గరికి, ఈ అర్జీలు విచారించే ట్రిబ్యునల్ అక్కడే. అవతలివాళ్లకు నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరి అయితే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు. ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, పెద్దవాళ్లను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ రాసిచ్చింది చెల్లదని ప్రకటించమని ఆ పెద్దవాళ్లు అడగవచ్చు. చట్టం అమల్లోకి వచ్చాక రాసిచ్చినవాటికే ఇది వర్తిస్తుంది, అందుకే సార్ ముందు తేదీ చూశారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి కేసులో, కొడుక్కి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేయడం సరైనదేనని, ఈ చట్టాన్ని ముసలివాళ్లకు మేలు జరిగేలాగే అర్థం చేసుకోవాలని చెప్పిందట. అదీ చెప్పారు.

అసలు మాట ఇంకొకటి ఉంది. ఆ చట్టంలో 17వ సెక్షన్‌లో ఈ ట్రిబ్యునల్ ముందు ఎవరి తరఫునా లాయర్ వాదించకూడదని రాసుంది. అంటే ఒక లాయర్ మా ముందు కూర్చుని, "దీనికి నాలాంటోడు వద్దమ్మా, నువ్వే పోయి చెప్పుకోవచ్చు" అని చెప్తున్నాడు. నాకు ఆయన మీద గౌరవం ఏర్పడింది అక్కడ. అడ్వాన్సు తీసుకున్న మనిషికి ఈ చట్టం తెలియదా? తెలిసే ఉంటుంది, తెలిసీ చెప్పలేదు.

తర్వాత ఒక ప్రశ్న వేశారు. "అమ్మా, నీకు ఇల్లు వెనక్కి కావాలా, నెలనెలా డబ్బులు కావాలా, లేకపోతే లోపల మంచం వేసుకుంటే చాలా? బాగా ఆలోచించుకుని చెప్పు, నేను రాసేది దాన్ని బట్టి ఉంటుంది." పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఇల్లు అని చెప్పబోతే సార్ చెయ్యెత్తి ఆపారు, "నువ్వాగు పాపా, ఆమెనే చెప్పనీ" అని. చివరికి ఆమె, "నన్ను లోపల పండుకోనిస్తే సాలు సార్, వాణ్ని రోడ్డున పడేయొద్దు" అంది. అర్జీలో అదే ముందు రాశారు. పోషణ రెండోది. 23వ సెక్షన్ కింద రద్దు కోరే మాట చివర్లో, అవసరమైతే అని. బంధువులం మేమంతా ఇల్లు లాక్కుని బుద్ధి చెప్పాలి అనే కోపంలో ఉన్నాం, ఆమెకు ఏం కావాలో అప్పటిదాకా మాలో ఒక్కరూ అడగలేదు.

పని ఎట్లా తేలిందంటే, ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇచ్చాం, నోటీసు పోయింది, అన్న వచ్చాడు. అక్కడ కూర్చోబెట్టి మాట్లాడారు. 23వ సెక్షన్ సంగతి వినగానే అన్న గొంతు తగ్గింది. ముందు గది పెద్దమ్మకు, నెలకు 4,000 ఆమె బ్యాంకు ఖాతాలో వేసేట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. వేస్తున్నాడు. వదిన మాట్లాడట్లేదు, అది వేరే సంగతి.

ఇక సార్ పని తీరు గురించి. ఆయన దగ్గర పొడవాటి నోటుబుక్కు ఒకటి ఉంటుంది, ఇప్పటికీ కార్బన్ పేపర్ పెట్టి రాస్తారు. పై కాగితం మనకు, కిందిది ఆయనకు. అందులో సెక్షన్ల పేర్లు ఉండవు. ఏ ఆఫీసుకు పోవాలి, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు తీసుకుపోవాలి, ఎన్నో తేదీ లోపల పోవాలి, ఇంతే. రాసిచ్చాక మనతో ఒకసారి తిరిగి చెప్పిస్తారు. చదువు రానివాళ్లయితే వెంట వచ్చినవాళ్లతో కాకుండా వాళ్లతోనే చెప్పిస్తారు. మళ్లీ వచ్చినప్పుడు తేదీ చెప్తే చాలు, నోటుబుక్కులో ఆ పేజీ తీసి, "పోయినావా? ఏమన్నారు?" అని అక్కణ్నుంచే మొదలుపెడతారు. మొదటి నుంచి మళ్లీ కథంతా చెప్పుకోవాల్సిన అవస్థ లేదు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో తెలుస్తుంది.

బెంచీ మీద కూర్చోనుండగా విన్న ఇంకో విషయం నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. ఆస్పరి వైపు నుంచి ఒక వేరుశనగ రైతు, చిన్న వయసే, ప్రాంసరీ నోటు జెరాక్సు, అప్పిచ్చినవాళ్లు పంపిన లాయర్ నోటీసు తెచ్చాడు. సార్ నోటును చేతిలోకి తీసుకుని ముందు వెనక్కి తిప్పారు. వెనక చెల్లు ఏమైనా రాసుందా అని. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపల దావా వేయాలి, మధ్యలో కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెట్టుంటే గడువు మళ్లీ అక్కడి నుంచి మొదలవుతుంది. ఏమీ రాసి లేదు, మూడేళ్లు దాటిపోయింది. "కోర్టులో వాళ్లకు కష్టం" అన్నారు సార్. అబ్బాయి మొహం వెలిగిపోయింది. వెంటనే సార్, "డబ్బు తీసుకున్నావా లేదా?" అని అడిగారు. తీసుకున్నా సార్ అన్నాడు. "ఎంత కట్టినావు?" వడ్డీకే పోయింది సార్, అసలు అట్లే ఉంది అన్నాడు. "గడువు దాటింది కాబట్టి నిన్ను ఎవరూ భయపెట్టలేరు, అది చట్టం చెప్పింది, నోటీసుకు జవాబు నేను రాసిస్తా. తీసుకున్న అసలు మాత్రం ఇద్దరు పెద్దమనుషుల ముందర కొంచెం కొంచెంగా కట్టి నోటు వెనక్కి తీసుకో, రసీదు లేకుండా రూపాయి ఇయ్యొద్దు. ఇది నేను చెప్తాండా" అన్నారు.

పక్కనున్న ఒకాయన బయటికి వచ్చి, లాయరై ఉండి అట్లా చెప్పొచ్చా, గెలిచే కేసు కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు, లాయర్ పని తన మనిషిని కాపాడటం. కానీ సార్ రెండు మాటలనూ కలిపేయలేదు, ఇది చట్టం, ఇది నా మాట అని విడదీసి చెప్పారు, ఏది చేయాలో ఆ అబ్బాయికే వదిలేశారు. ఊళ్లో అప్పిచ్చినవాడి మొహం రోజూ చూడాల్సిన మనిషికి, మళ్లీ వచ్చే కార్తెకు విత్తనాలకు ఎవరి గడపో తొక్కాల్సిన మనిషికి, కోర్టులో గెలుపు ఒక్కటే సరిపోదు. నాకైతే ఆయన చెప్పిందే మంచిదనిపించింది.

సార్ జీవితం గురించి తెలిసినంత రాస్తా. కొంత ఆయన చెప్పింది, ఎక్కువ చర్చివాళ్లు చెప్పింది. వాళ్ల నాన్న కోడుమూరు వైపు పల్లెల్లో సువార్త చెప్పుకుంటూ తిరిగిన మనిషి, జీతం అంటూ పెద్దగా లేదు, పండగకు సంఘంవాళ్లు ఇచ్చే జొన్నలు, కొర్రలు. సార్ మిషన్ స్కూల్లో, హాస్టల్లో ఉండి చదువుకున్నారు. బాప్టిస్టు మిషన్ పెట్టిన కోల్స్ స్కూలు ఈ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. "అట్లాంటి స్కూళ్లు లేకపోతే మా వాడలోంచి నల్లకోటు దాకా ఎవరు వచ్చేవాళ్లు పాపా" అంటారు ఆయన. హాల్లో ఆయన వెనక గోడకు అంబేడ్కర్ ఫొటో, పక్కన దామోదరం సంజీవయ్య గారి ఫొటో ఉంటాయి. సంజీవయ్య గారు 1921లో మన పెదపాడులోనే పుట్టి, లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు. సండే స్కూల్ పిల్లలకు ఆయన గురించి సార్ చెప్తుంటారట. ఫొటోల కింద యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని 17వ వచనం రాసిన బోర్డు, తండ్రి లేనివాడికి న్యాయం తీర్చమని, విధవరాలి పక్షాన వాదించమని చెప్పే వచనం అది. లాయర్ కూర్చునే చోటికి ఇంతకంటే తగిన బోర్డు ఇంకేముంటుంది.

ఈ ఆదివారం పని మొదలైంది 2009 వరదల తర్వాత. అప్పుడు కర్నూలులో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. నీళ్లు తీసేశాక ఇళ్లల్లో బురద, ఆ బురదలో ట్రంకుపెట్టెలు, పెట్టెల్లో ముద్దలైపోయిన కాగితాలు. ఇంటి పట్టా, రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, పాసు పుస్తకం, పెళ్లి కాగితం. చర్చి హాల్లో తలదాచుకున్నవాళ్లకు అన్నం, దుప్పట్లు ఇచ్చేవాళ్లు చాలామంది వచ్చారట, కాగితాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. సార్ అక్కడే బల్ల వేసుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలుకు అర్జీ ఎట్లా పెట్టాలి, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం) ఎట్లా తీయించాలి, సర్టిఫికెట్ పోయిందని ఎవరికి రాయాలి అని ఒక్కొక్కరికీ రాసివ్వడం మొదలుపెట్టారు. సొంత ఆఫీసు ఫైళ్లు కూడా నీళ్లపాలైన మనిషి ఆయన. వరద పని అయిపోయింది, ఆదివారాలు వచ్చేవాళ్లు ఆగలేదు, ఆయనా ఆగలేదు.

చాలామందికి తెలియని సంగతి, మన చట్టం వరద బాధితులకు, కరువు బాధితులకు కూడా ఉచితంగా లాయరును ఇస్తుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో వాళ్ల పేర్లు ఉన్నాయి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, జైల్లో ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఆడవాళ్లు ఎంత సంపాదిస్తున్నా ఉచిత లాయరుకు అర్హులే. మిగతావాళ్లకు ఆదాయం చూస్తారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాయి కాబట్టి, ఆ ఇళ్లల్లో మగవాళ్లు ఎస్సీ కోటాలో అడిగితే కుదరదు, ఆదాయం కిందో ఇంకో కారణం కిందో అడగాలి. ఈ చిక్కు సార్ సంఘంలోనే ఎక్కువమందికి ఉంది, అందుకే అర్జీ ఫారం నింపేటప్పుడు ఆ గడి దగ్గర ఆయన జాగ్రత్తగా ఉంటారు. కేసు వేయాల్సిందే అయితే ఆయన తనే తీసుకోరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఫారం నింపి పంపుతారు. అక్కడ సెక్రటరీగా ఉండేది ఒక జడ్జిగారు. ప్యానెల్ లాయరును పెట్టేది, ఫీజు ఇచ్చేది ఆ సంస్థే. ఆ లాయర్ మనల్ని డబ్బులు అడిగితే నేరుగా సెక్రటరీకే చెప్పాలి అని సార్ ప్రతి ఒక్కరికీ చెప్పి పంపుతారు, తోటి లాయర్ల గురించి అట్లా చెప్పడానికి ధైర్యం ఉండాలి.

జైలు పని కూడా ఉంది. క్రిస్మస్ ముందు చర్చివాళ్లు జైల్లో పాటలు పాడటానికి, కేకు పంచడానికి పోతారు. సార్ వాళ్లతో పోయి, బెయిలు వచ్చినా బయటికి రాలేకపోయినవాళ్ల పేర్లు రాసుకుని వస్తారు. బెయిలు ఆర్డరు వస్తుంది, జామీను ఇచ్చేవాళ్లు ఉండరు, మనిషి లోపలే ఉంటాడు. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని సుప్రీంకోర్టు 2023లోనే చెప్పింది. ఆ పేర్లు సోమవారం పొద్దున సంస్థ ఆఫీసులో ఇచ్చేది ఈయనే.

చర్చిలో ఆయన లెక్కలు చూస్తారు. నెల మొదటి ఆదివారం వచ్చిన కానుకలు, ఖర్చులు కాగితం మీద రాసి బోర్డుకు అంటిస్తారు, కరెంటు బిల్లు దగ్గర్నుంచి. నేను నిలబడి చదివాను, ఎవరైనా చదవొచ్చు. ఒక సంఘపెద్ద కొడుకు ఆస్తి తగాదాలో చెల్లెళ్లకు వాటా లేదని వాదిస్తే, అదే హాల్లో సార్ అతనికి నచ్చజెప్పారని విన్నా. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం, వీలునామా లేకుండా తండ్రి పోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం, కొడుకైనా కూతురైనా. ఆ తర్వాత ఆ కుటుంబం కొన్నాళ్లు చర్చికే రాలేదట. సార్ మాట మార్చలేదు, వాళ్ల ఇంటికి పోయి పలకరించడమూ మానలేదు.

ఇప్పుడు ఇబ్బందులు. అందరి ముందే మాట్లాడాలి, ఇది పెద్ద లోటు. మొగుడు కొట్టే విషయం, పెళ్లి చెడిన విషయం పక్క బెంచీవాళ్లకు వినబడేట్టు చెప్పడం ఏ ఆడమనిషికైనా నరకం. ఒక బట్ట పార్టిషన్ కట్టినా చాలు. నెలలో రెండో ఆదివారం ఒక లేడీ అడ్వొకేటు కూడా వస్తారు, ఆమె లోపలి గదిలో కూర్చుంటారు, ఆడవాళ్లు ఆ రోజు చూసుకుని పోతే మంచిది. ఆలస్యం కూడా ఎక్కువే. టోకెన్లు లేవు కాబట్టి ఎవరు ముందొచ్చారు అనే గొడవ ప్రతిసారీ ఉంటుంది. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి బస్సులో వచ్చినవాళ్లు సాయంత్రం దాకా కూర్చుని చివరి బస్సు టెన్షన్‌లో ఉంటారు. జనం సుగ్గికి, అంటే కూలిపనులకు వలసగా, గుంటూరు వైపు పోయే కాలంలో మాత్రం కాస్త పలచగా ఉంటుంది.

సార్‌కు వినపడటం కొంచెం తగ్గింది, గట్టిగా చెప్పాలి. దొంగ కేసు పెట్టించాలని వచ్చేవాళ్లను నిలబెట్టి కోప్పడతారు, అది కొందరికి నచ్చదు. ఖాళీ నోటు మీద సంతకం పెట్టి వచ్చినవాళ్లనూ తిడతారు, పని మాత్రం చేసిపెడతారు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది, ఆయన పక్కన కూర్చుని నేర్చుకునే జూనియర్లు ఇద్దరో ముగ్గురో తప్ప కనబడలేదు. ఊళ్లో ఇంతమంది లా చదువుతున్నారు, ఆదివారం రెండు గంటలు ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏ కాలేజీ నేర్పని పని నేర్చుకోవచ్చు. లా చదివే పిల్లలు ఎవరైనా ఇది చదివితే దయచేసి పోండి, ఆయన ఎవర్నీ వద్దనరు.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రార్థన ఉంటుంది, నిమిషం కూడా పట్టదు. ఇష్టం లేనివాళ్లు బయట నిలబడి తర్వాత లోపలికి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మతం మార్చుతారేమో అనే భయం ఉంటే వదిలేయండి. మా పెద్దమ్మ మంగళసూత్రం తీసేసిన మెడలో ఇప్పటికీ వెంకటేశ్వరస్వామి డాలరే వేసుకుంటుంది, సార్ చూసింది ఆమె దస్తావేజు మాత్రమే.

అయిదు మార్కులకు నాలుగున్నర ఇస్తా. ఆ అర తగ్గించింది చాటు లేకపోవడానికే, అది సరిచేస్తే మళ్లీ వచ్చి మారుస్తా.

పోయేవాళ్లు అసలు కాగితాలు, జెరాక్సులు రెండూ తీసుకుపోండి. ఆధార్, ఏ నోటీసు వచ్చినా దాని కవరు కూడా, కవరు మీద తేదీ ముద్రతో పని పడుతుంది. చెక్కు బౌన్స్ నోటీసు అయితే ఆదివారం దాకా ఆగకండి, నోటీసు అందినప్పటి నుంచి 15 రోజులే టైము. రాజీకి ఒప్పుకునే చిన్న తగాదా అయితే లోక్ అదాలత్ ఎప్పుడుందో సార్‌ను అడగండి, అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు, ఒప్పుకునేముందు బాగా ఆలోచించుకోండి. క్రిస్మస్ వారం, ఈస్టర్ ఆదివారం సార్ కూర్చోరు. ఆ రోజుల్లో అర్జెంటు అయితే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల హెల్ప్‌లైన్ అది, లేదంటే సోమవారం పొద్దున్నే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా పోవచ్చు.